మొరాయించని రివాల్వర్ లేదు

రివాల్వర్ సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. మొదటిది, ఖాళీ తుపాకీ పట్టుకుని రెండు మూడుసార్లు ట్రిగ్గర్ లాగి, టక్కుమన్న చప్పుడు విని తృప్తి పడటం. రెండోది, తోటలోనో పొలం గట్టునో ఒక రౌండు పేల్చి చూడటం. మూడోది, మందు గానీ పేలే ప్రైమర్ గానీ లేని డమ్మీ రౌండ్లను సిలిండర్ గదులన్నిటిలో నింపి, తుపాకీ చేయాల్సిన పనులను వరసగా ఒక్కొక్కటే చేయించి చూడటం. లైసెన్సుదారుల్లో చాలామంది మొదటి రెండింటితోనే సరిపెట్టుకుంటారు. మూడోదాన్ని పోలీసు శిక్షణలో కుర్రాళ్లు చేసే కసరత్తుగానో, పోటీ షూటర్ల చాదస్తంగానో తీసిపారేస్తారు. నిజానికి దోషాన్ని పట్టివ్వగలిగింది ఆ మూడో దారే. మొదటిది దోషాన్ని దాచిపెడుతుంది, రెండోది దోషం మీద ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది.

కోవెలకుంట్ల, సంజామల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ చుట్టుపక్కల లైసెన్సు రివాల్వర్ ఆత్మరక్షణకు ఎంత గుర్తో హోదాకూ అంతే గుర్తు. దాని మీద అక్కడ పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: పిస్టల్ ఇరుక్కుంటుంది, రివాల్వర్ ఇరుక్కోదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగు, పక్క గదిలోది పేలుతుంది. తుపాకీ కొన్ననాడు ఎలా ఉందో మనవడి నాటికీ అలాగే ఉంటుంది, దాన్ని పరీక్షించడమేమిటి? ఈ మాట నంద్యాల జిల్లాకే పరిమితం కాదు, దేశమంతటా తుపాకుల గురించి మాట్లాడేవాళ్లంతా దీన్నే వల్లిస్తారు. అయితే తుపాకీని ఏళ్ల తరబడి పేల్చకుండా నడుముకు వేలాడదీసుకు తిరిగే చోట దీనివల్ల జరిగే నష్టం ఎక్కువ.

ఈ నమ్మకంలో నిజం పాలు కొంత ఉంది. పిస్టల్‌లో పేలిన తూటా ఖాళీ ఖోళీని బయటికి నెట్టి మరో తూటాను పైకి తెచ్చేది పేలుడు శక్తి. ఒక తూటా తుస్సుమంటే ఆ చక్రమంతా ఆగిపోతుంది. రివాల్వర్‌లో సిలిండర్‌ను తిప్పేది ట్రిగ్గర్‌నో హ్యామర్‌నో లాగే వేలి బలం. అందువల్ల పేలని తూటా తర్వాతి తూటాను ఆపదు. సామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న నాటి నుంచీ రివాల్వర్‌కు ఉన్న గొప్ప సుగుణం ఇదే. ఆ తర్వాత పదేళ్లకు, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడిన కాలానికి ఈ సీమలో తుపాకీ అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి ఒక్కసారి పేల్చేదే. దాని పక్కన పెట్టి చూస్తే ఆరు తూటాల చక్రం మహిమలా కనిపించడంలో వింత లేదు.

కానీ ఈ సుగుణం వర్తించేది తూటా లోపానికే, తుపాకీ లోపానికి కాదు. పిస్టల్ ఇరుక్కుంటే చాలాసార్లు స్లైడ్ వెనక్కి లాగి వదిలితే సరిపోతుంది. రివాల్వర్ తరచుగా ఇరుక్కోదు, ఇరుక్కుంటే మాత్రం అక్కడికక్కడ సర్దుకోదు. తూటాలను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద ఖోళీ అంచు దిగబడినా, సిలిండర్‌ను తిప్పే కొక్కెం అరిగినా, ఎజెక్టర్ కడ్డీ వంగినా స్క్రూడ్రైవరూ తెలిసిన చేయీ కావాల్సిందే. తక్కువసార్లు చెడుతుంది కాబట్టి చూడనక్కరలేదన్న వాదన తలకిందులుగా ఉంది. చెడినప్పుడు ఆ క్షణాన బాగుచేసుకోలేం కాబట్టే దాన్ని ముందుగా చూసుకోవాలి.

ట్రిగ్గర్ ఒక్కసారి లాగితే లోపల జరిగే పనులు చాలా ఉన్నాయి. హ్యామర్ వెనక్కి వెళ్తుంది. కొక్కెం లేచి సిలిండర్ వెనక ఉన్న పళ్లచక్రాన్ని నెడుతుంది. ఆరు గదుల సిలిండర్ అరవై డిగ్రీలు తిరుగుతుంది. సరిగ్గా గది గొట్టానికి ఎదురుగా వచ్చేసరికి కింది నుంచి ఆపుడు ముక్క లేచి సిలిండర్ గాటులో పడి తాళం వేస్తుంది. ఆ తర్వాతే హ్యామర్ విడివడి ప్రైమర్‌ను కొడుతుంది. వేలు వదిలితే ట్రిగ్గర్ స్ప్రింగు అన్నిటినీ వెనక్కి తెస్తుంది. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా, బరువెక్కినా, సగంలో ఆగినా బయటికి కనబడే లక్షణం ఒక్కటే: పేలలేదు, లేదా ట్రిగ్గర్ రాలేదు. ఒకే లక్షణం వెనక పది కారణాలున్నప్పుడు వాటిని విడదీసి చూపే పద్ధతి కావాలి.

'పేలకపోతే మళ్లీ లాగు' అన్న సలహాను తీసుకుంటే, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో అది చేయదగిన పనే. మిగతా సమయాల్లో అంతకంటే చెడ్డ సలహా లేదు. పేలని తూటాలన్నీ చచ్చిన తూటాలు కావు. పాతబడిన, తేమ తగిలిన, నూనె పీల్చిన తూటాలో ప్రైమర్ నిప్పు మందుకు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆ జాగులో ట్రిగ్గర్ మళ్లీ లాగితే ఆ గది గొట్టం ముందు నుంచి పక్కకు జరిగిపోతుంది, తూటా పేలేది గుండు బయటికి పోయే దారి లేని చోట. ఇక రెండో ప్రమాదం ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది. మందు సరిగా అంటుకోక, మామూలు మోతకు బదులు చిన్నగా చప్పుడై గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. పిస్టల్ అయితే అలాంటప్పుడు చాలాసార్లు తనంతట తాను ఆగిపోతుంది. రివాల్వర్ ఆగదు, దాని సుగుణమే ఇక్కడ శత్రువు. వేలు లాగితే తర్వాతి గుండు వెళ్లి ఇరుక్కున్న గుండును గుద్దుతుంది, గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. ఆపదలో లేనప్పుడు తూటా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం, వీలైతే నిమిషం ఆగి, అప్పుడు తెరవాలి.

ఇక 'ఒక రౌండు పేల్చి చూస్తే పోలా' అన్న మాట. దీనికి మొదటి అడ్డు చట్టం. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం నిర్లక్ష్యంగా, ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా కాల్చినా, పెళ్లిళ్లలో ఊరేగింపుల్లో సంబరానికి కాల్చినా రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆత్మరక్షణకు ఇచ్చిన లైసెన్సు తోటను షూటింగ్ రేంజిగా మార్చదు. సీమ నేల సంగతి వేరే చెప్పాలి. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు ఎక్కడ చూసినా నాపరాయి. బండరాయికి తగిలిన సీసపు గుండు ఎటు ఎగురుతుందో కాల్చినవాడికే తెలియదు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టినా ఆ పరీక్ష పరీక్షగా నిలబడదు. ఒక రౌండు పేలితే తెలిసేది ఒక గది ఒక్కసారి పనిచేసిందని మాత్రమే. మిగతా అయిదు గదులు, వాటి అయిదు గాట్లు, పళ్లచక్రంలో మిగతా అయిదు పళ్లు చూడకుండానే మిగిలాయి. రివాల్వర్ దోషాల్లో చాలా భాగం ఏదో ఒక్క గదికే పరిమితమై ఉంటాయి. పైగా పేలుడు మోత, చేతి కుదుపు, మెరుపు అన్నీ కలిసి తాళం పడిందా లేదా అన్న చిన్న సంగతిని మింగేస్తాయి. సిలిండర్ పూర్తిగా తిరగకముందే హ్యామర్ పడితే గుండు గొట్టం అంచును రాసుకుంటూ వెళ్తుంది, సీసం రేకులు పక్కలకు చిమ్ముతాయి. పేల్చినవాడు మాత్రం 'బ్రహ్మాండంగా పేలింది' అనే అంటాడు. ఒకవేళ పేలలేదనుకుంటే, తూటా చెడ్డదా, స్ప్రింగు నీరసించిందా, ఫైరింగ్ పిన్ అరిగిందా అన్నది అసలే తెలియదు. చేతిలో మాత్రం పేలని తూటా ఒకటి మిగిలి ఉంటుంది.

ఖాళీ తుపాకీ పరీక్ష ప్రాణానికి హాని చేయదు గనుక దాన్ని సమర్థించేవాళ్లు ఎక్కువ. ఖాళీ బండిని వాకిట్లో తోసి చూసి, యాభై శనగ బస్తాలు వేసినా ఇలాగే కదులుతుందని హామీ ఇవ్వడం లాంటిది అది. మన దగ్గర ఎక్కువగా కనిపించే .32 రివాల్వర్ తూటా, అంటే 1896లో అమెరికాలో వచ్చిన .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, గుండుతో మందుతో కలిపి పది గ్రాముల దాకా తూగుతుంది. ఆరు నింపితే సిలిండర్ మీద దాదాపు అరవై గ్రాముల బరువు పెరుగుతుంది. నెమ్మదిగా లాగితే ఆ బరువును కొక్కెం మోయాలి, వేగంగా లాగితే ఆ బరువు వేగాన్ని ఆపుడు ముక్క పట్టి ఆపాలి. అరిగిన ఆపుడు ముక్క ఖాళీ సిలిండర్‌ను సులువుగా పట్టేస్తుంది, నిండిన సిలిండర్‌ను జారనిస్తుంది. రెండో సంగతి ఖోళీ అంచుది. ఖాళీ గదిలో అంచు లేదు, అది వెనక ఉక్కు పలకను రాసుకునే అవకాశమే లేదు. అంచుల వల్ల సిలిండర్ మూసుకోకపోవడం, ఒక చోట బిగుసుకుపోవడం, తూటాలు బయటికి రాకపోవడం, ఈ మూడూ ఖాళీ తుపాకీలో ఎంత వెతికినా దొరికే దోషాలు కావు. పైగా ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తెచ్చిన నిడర్ లాంటి .22 రివాల్వర్లలో ఖాళీగా ట్రిగ్గర్ లాగితే పిన్ను వెళ్లి గది అంచునే కొట్టవచ్చు. హ్యామర్ మూతికే పిన్ను ఉన్న పాత వెబ్లీ నమూనాల్లోనూ పదేపదే ఖాళీ దెబ్బ మంచిది కాదు.

డమ్మీ రౌండు అంటే అసలు తూటా కొలతలన్నీ ఉండి, పేలే గుణం ఒక్కటీ లేనిది. స్నాప్ క్యాప్ అని అమ్మే వాటిలో ప్రైమర్ చోట స్ప్రింగు గానీ రబ్బరు గానీ ఉండి పిన్ను దెబ్బను ఓర్చుకుంటుంది. ఎర్రటి ప్లాస్టిక్‌వీ, అల్యూమినియంవీ తేలిగ్గా ఉంటాయి. మూసుకోవడం, తిరగడం, బయటికి రావడం చూడటానికి అవి చాలు. బరువుతో ఆపుడు ముక్క పట్టును చూడాలంటే అసలు బరువున్న ఇత్తడి డ్రిల్ రౌండ్లే కావాలి. ఈ తేడా తెలియక తేలిక డమ్మీలతో వేగపు పరీక్ష చేసి తుపాకీ భేషుగ్గా ఉందనుకోవడం ఖాళీ పరీక్షకు రంగు పూయడమే.

.32 అన్న అంకె దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. .32 పిస్టల్ తూటా వేరు, .32 రివాల్వర్ తూటా వేరు. పిస్టల్ తూటా పొట్టిది, దాని అంచు వ్యాసం దాదాపు 9.1 మిల్లీమీటర్లు, మందం 1.1. రివాల్వర్ తూటా అంచు 9.5, మందం 1.4. పిస్టల్ డమ్మీ రివాల్వర్ గదిలో కూర్చున్నట్టే కూర్చుంటుంది. కానీ అంచు పలచన గనుక వెనక సందు ఎక్కువై, రాసుకోవాల్సిన చోట రాసుకోదు, పిన్ను దెబ్బ తేలికగా పడుతుంది. దోషం ఉన్న తుపాకీ బాగున్నట్టు, బాగున్న తుపాకీ దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది.

డమ్మీలను ఇంట్లో అసలు తూటాల నుంచి చేసుకోవచ్చన్న సలహా మరీ ప్రమాదకరం. 1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో 'ది క్రో' సినిమా చిత్రీకరణలో బ్రాండన్ లీ చనిపోయింది ఇలాంటి డమ్మీ వల్లే. నిజమైన తూటాల నుంచి చేసిన ఆ డమ్మీలో ప్రైమర్ బతికే ఉంది. అది పేలి గుండును గొట్టంలోకి నెట్టింది. ఎవరూ గొట్టం చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో గుండు లేని ఖాళీ మోత తూటా పేల్చినప్పుడు ఆ గుండు బయటికి వచ్చింది. మన చట్టంలో మందుగుండు నిర్వచనం కిందికి విడిభాగాలూ వస్తాయి కాబట్టి తూటాలు విప్పే పని లైసెన్సుదారుడి పని కానే కాదు.

డమ్మీలకు వ్యతిరేకంగా వినిపించే వాదనల్లో కాస్త బరువున్నది ఒకటే: అవి అసలువాటిలో కలిసిపోతే ఎలా? 2021 అక్టోబరు 21న న్యూమెక్సికోలో 'రస్ట్' చిత్రం రిహార్సల్‌లో జరిగింది అదే. డమ్మీల మధ్య కలిసిపోయిన ఒక అసలు తూటా .45 కోల్ట్ రివాల్వర్‌లోకి చేరింది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయారు, దర్శకుడు గాయపడ్డారు. ఆయుధాల బాధ్యురాలికి 2024లో పద్దెనిమిది నెలల శిక్ష పడింది. కానీ ఈ ఉదాహరణ డమ్మీలు వద్దని చెప్పడం లేదు. సినిమా డమ్మీ కెమెరాకు అసలు తూటాలాగే కనబడాలి, గొడవంతా అక్కడే వచ్చింది. పరీక్షకు వాడే డమ్మీ అసలు తూటాలా కనబడకూడదు: ఎర్ర రంగు, పక్కన ఇవతలి నుంచి అవతలికి రంధ్రం, ప్రైమర్ చోట ఖాళీ లేదా రబ్బరు. కంటికి ఒక్క చూపులో తేడా తెలియని డమ్మీ పనికిమాలిన డమ్మీ.

పరీక్షకు ముందు ఇంట్లో ఉన్న తూటాలన్నీ లైసెన్సు లెక్కతో సరిచూసి, వేరే గదిలో తాళం వేయాలి. తుపాకీ తెరిచి ఆరు గదులనూ కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి చూడాలి, గొట్టంలోకి వెనక నుంచి వెలుగు వేసి చూడాలి. వెలుగు అవతలికి కనబడకపోతే పరీక్ష అక్కడితో ముగిసింది. డమ్మీలను లెక్కపెట్టి బల్ల మీద వరసగా పెట్టాలి. గొట్టం ఇసుక నింపిన బకెట్టు వైపే ఉండాలి, డమ్మీలున్నా సరే. పక్కన ఇంకొక మనిషి ఉండి గదులను రెండోసారి చూస్తే ఇంకా మేలు. సిలిండర్ మీద ఒక గదికి మార్కర్‌తో చుక్క పెట్టుకుని, అక్కడి నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్క సాగించాలి. ఈ చుక్క పెట్టుకోని పరీక్షలో దోషం కనబడినా దొరకదు.

మొదట మూసుకోవడం. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్, 2014లో టైటానియం లోహంతో తేలిగ్గా చేసి తెచ్చిన నిర్భీక్, రెండూ వెబ్లీ తరహాలో నడుం విరిచి తెరిచేవే. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ సిలిండర్ మాత్రం పక్కకు తెరుచుకుంటుంది. ఏదైనా సరే, ఖాళీగా సులువుగా మూసుకుని, ఆరు డమ్మీలతో మూసుకోకపోతే తప్పు అంచుల దగ్గరో నక్షత్రం కిందో ఉన్నట్టు. అప్పుడు ఒక్కో గదిలో ఒక్కో డమ్మీ పెట్టి మూసి చూడాలి. డమ్మీ మారినా అదే గది మొరాయిస్తే మురికి ఆ గదిలో ఉంది. గది మారినా అదే డమ్మీ మొరాయిస్తే డమ్మీ కొలత తప్పు. సంజామల, బనగానపల్లె వైపు ఈ మురికి తరచుగా బూడిదరంగు పిండిలా ఉంటుంది. నాపరాళ్లను కోసి నునుపు చేసే ఫ్యాక్టరీల దుమ్ము అది, నూనెతో కలిస్తే రుబ్బుడు లేపనంలా ఉక్కును తింటుంది. దసరాకు ఆయుధపూజలో అద్దిన పసుపూ కుంకుమా కూడా నక్షత్రం కిందే చేరతాయి. పూజ చేయడంలో తప్పు లేదు, మర్నాడు తుడవకపోవడంలో ఉంది. పూజకు బొట్టు గొట్టం బయట పెడితే చాలు, హ్యామర్ సందులో అక్కర్లేదు.

తర్వాత తిరగడం. ట్రిగ్గర్‌ను చాలా నెమ్మదిగా లాగుతూ ఆరు గదులూ రెండు చుట్లు తిప్పాలి. ఒకే చోట బరువెక్కుతుంటే ఆ గది అంకె రాసుకోవాలి. డమ్మీలు తీసేసినా అక్కడే బరువెక్కితే వంగిన కడ్డీ గానీ వంకర ఇరుసు గానీ అనుమానించాలి. డమ్మీలతోనే బరువెక్కితే ఖోళీ అంచుకూ వెనక పలకకూ మధ్య సందు చాలడం లేదు. ఆరు చోట్లా సమానంగా బరువైతే లోపలి నూనె గడ్డకట్టింది. ఈ చివరిది మన దగ్గర మహా సాధారణం. తుపాకీకి కొబ్బరి నూనె రాసే అలవాటు ఇంకా పోలేదు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర కొబ్బరి నూనె పేరుకుంటుంది, ధనుర్మాసపు తెల్లవారుజామున నంద్యాల అంతకంటే చల్లగా ఉంటుంది. వేసవిలో నలభై నాలుగు డిగ్రీల ఎండకు అదే నూనె పలచబడి కిందికి జారి, దుమ్ము పట్టి, జిగటగా ఎండుతుంది.

ఎన్నికల కాలం ఇందుకు మంచి ఉదాహరణ. 2024లో ప్రవర్తనా నియమావళి మార్చి 16న అమల్లోకి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. అలాంటి కాలంలో లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో గానీ డీలరు దగ్గర గానీ జమ అవుతాయి. ఏడాదిలో అతి వేడి నెలలన్నీ తోలు ఒరలో, బీరువాలో గడిచిపోతాయి. తోలులోని తేమకూ లవణాలకూ ఇత్తడి తూటాల మీద పచ్చని చిలుము లేస్తుంది. యజమాని రసీదు ఇచ్చి తుపాకీ తీసుకుని, ఎప్పటిలాగే నడుముకు తగిలించుకుంటాడు. తుపాకీ తిరిగి చేతికొచ్చిన రోజు డమ్మీలతో చూసుకోవాల్సిన రోజని ఎవరికీ తట్టదు.

మూడోది తాళం పడటం, దీని దగ్గరే తొందర కూడదు. హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగుతూ, రెండో చేతి వేలిని సిలిండర్‌కు ఆనీ ఆననట్టు ఆనించాలి. హ్యామర్ చివరి మెట్టు చేరేలోపే సిలిండర్ టిక్కుమని ఆగి, కదిలిస్తే కదలకుండా నిలవాలి. హ్యామర్ నిలిచాక కూడా సిలిండర్‌ను వేలితో నెడితే తాళం పడుతోందంటే ఆ గదికి కొక్కెం చాలడం లేదు. ఆరింటిలో ఒకటి రెండు గదులకే ఇలా ఉంటే పళ్లచక్రంలో ఆ పళ్లు అరిగాయి, అన్నిటికీ ఉంటే కొక్కెమే అరిగింది. ఇదే పరీక్షను వేగంగా చేస్తే సిలిండర్ ఊపు మీద తానే వెళ్లి తాళం పడుతుంది, దోషం మాయమవుతుంది. సినిమాల్లో చూసి సిలిండర్‌ను గిరగిరా తిప్పి విదిలించి మూసే అలవాటు ఉన్న తుపాకుల్లో ఈ అరుగుదలను మొదట అనుమానించాలి. నెమ్మది పరీక్ష అయ్యాక బరువైన డ్రిల్ రౌండ్లతో వేగంగా లాగి, సిలిండర్ ఒక గదిని దాటి జారుతోందేమో చుక్క ఆధారంగా చూడాలి.

ట్రిగ్గర్ వెనక్కి రావడం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. వేలును కొద్దికొద్దిగా వదులుతుంటే ట్రిగ్గర్ వేలి వెంటే రావాలి, మధ్యలో ఆగకూడదు. ఇక్కడ డమ్మీలు ఇంకొక నిజాన్ని బయటపెడతాయి: 'తుపాకీ ఇరుక్కుంది' అన్న ఫిర్యాదుల్లో కొన్ని తుపాకీవి కావు. కంగారులో ట్రిగ్గర్‌ను పూర్తిగా వదలకుండానే మళ్లీ లాగితే సిలిండర్ తిరుగుతుంది గానీ హ్యామర్ పడదు, లేదా అసలేమీ కదలదు. ఈ తప్పు ఇంట్లో డమ్మీల మీద తెలిస్తే పది నిమిషాల్లో సరిదిద్దుకోవచ్చు.

దెబ్బ బలం దగ్గర డమ్మీ సగం సాక్ష్యమే ఇస్తుంది. మెత్తని ముఖమున్న డమ్మీల మీద ఆరు గదుల్లోనూ పిన్ను గుర్తు ఒకే లోతులో, నడిమధ్యన పడుతోందా అన్నది తెలుస్తుంది. ఒక గదిలో గుర్తు పక్కకు పడితే తాళం సంగతి మళ్లీ చూడాలి. ఆ దెబ్బకు ఖడ్కీ ఫ్యాక్టరీ తూటా ప్రైమర్ పేలుతుందా అన్నది మాత్రం డమ్మీ చెప్పలేదు. ఇక బయటికి తీయడం: నడుం విరిచి తెరిచే రివాల్వర్ అయితే గొట్టం పైకెత్తి, వేగంగా పూర్తిగా తెరవాలి. భయపడుతూ నెమ్మదిగా, వాలుగా తెరిస్తే ఒక ఖోళీ అంచు నక్షత్రం మీది నుంచి జారి కిందికి దిగుతుంది. రివాల్వర్‌లో ఇది అన్నిటికంటే మొండి ఇరుకు. దాన్ని కావాలని డమ్మీలతో ఒకసారి తెచ్చుకుని, ఎలా విడిపించాలో చేతికి నేర్పుకోవడం మంచిది. పేలిన ఖోళీ వేడికి ఉబ్బి గరుకు గదికి అంటుకోవడం మాత్రం డమ్మీలతో కనబడదు.

డమ్మీలు చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. కుదుపుకు గుండు ఖోళీలో నుంచి ముందుకు జారి సిలిండర్ ముఖం దాటి రావడం, కాలిన మసితో సిలిండర్ ముందు సందు పూడిపోవడం, ఉబ్బెత్తుగా కూర్చున్న ప్రైమర్లు వెనక పలకకు తగలడం, ఇవి అసలు తూటాల దోషాలు. అయితే ఈ హద్దే రోగనిర్ధారణలో సగం పని చేసిపెడుతుంది. డమ్మీలతో ఆరు గదులూ నిర్దోషంగా నడిచి, రేంజిలో మాత్రం మొరాయిస్తే తప్పు తూటాల్లోనో మసిలోనో ఉందని తేలుతుంది. డమ్మీలు చెప్పలేని దాన్ని చూపి డమ్మీలు అనవసరమనేవాళ్లు, కొలబద్దతో బరువు తూగదని కొలబద్దనే పారేయమంటున్నారు.

పరీక్ష వేరు, మరమ్మతు వేరు. తుడవడం, నూనె వేయడం, చూసి రాసుకోవడం యజమాని పని. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతు చేసేవాడికి దానికి తగ్గ లైసెన్సు ఉండాలి. స్ప్రింగు సాగదీయడం, కొక్కెం రాకడం, పిన్ను కొత్తది చేయడం లేత్ మిషన్ ఉన్నవాడికీ బైక్ మెకానిక్కుకూ అప్పజెప్పే పనులు కావు. ఇంట్లో ఊరికే ఉంచిన తుపాకీకీ జాగ్రత్త కావాలి: 2024 అక్టోబరు 1న ముంబైలో హిందీ నటుడు గోవిందా కాలికి సొంత లైసెన్సు రివాల్వర్ తూటాయే తగిలింది, అదీ ఇంట్లోనే. అలమారలో ఉన్న తుపాకీ కూడా నడుస్తున్న యంత్రమేనన్న సంగతి అలాంటి వార్త వచ్చిన వారం రోజులే జనానికి గుర్తుంటుంది.

లైసెన్సున్న ఆర్మరర్‌కు తుపాకీ ఇచ్చేటప్పుడు 'సరిగా పేలడం లేదు' అని చెప్పి ఊరుకుంటే ఆయనా మొదటి నుంచి వెతకాలి. 'నాలుగో గది దగ్గర నిండినప్పుడే బరువెక్కుతోంది, ఖాళీగా లేదు, డమ్మీ మార్చినా అక్కడే' అని రాసిచ్చిన చీటీ ఆ వెతుకులాటను తగ్గిస్తుంది. తిరిగి వచ్చాక అవే డమ్మీలతో అదే వరసలో మళ్లీ చూడాలి. అన్నీ సరిపోయాకే, అనుమతి ఉన్న రేంజిలో, కొత్త తూటాలతో, ప్రతి గదినీ కనీసం రెండుసార్లు పేల్చి చూసి, పేలిన పన్నెండు ఖోళీల ప్రైమర్ల మీది గుర్తులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి.